పసిబిడ్డ చూపు



కంటిలో శుక్లము కనబడినచో "ముదురనిండు, ముదిరిన పిమ్మట తీయింతము" అనుట మన పల్లెలలో వాడుక. పూర్వము వైద్యులును వృద్ధుల విషయమున నట్లే చెప్పుచుండిరి. అప్పటి పద్ధతికి ముదిరిన శుక్లమే సులువుగా వెలికి వచ్చెడిది. నేడు వృద్ధులకును ఆ నిరీక్షణ మక్కఱలేదు. కాని ఆ మాట మన నోట నిలిచిపోయి, పుట్టుకతోనే కంటిపాపలో తెలుపుతో నున్న శిశువునకును వర్తింపజేయబడుచున్నది. నేటి ప్రసంగము దానిని గుఱించియే.

అఱువదేండ్లు లోకమును చూచినవానికి నడుమ నొక యేడు తెర పడినను, దానిని తీసినంతనే మరల చూడగలడు. బిడ్డ యట్లు కాదు. కన్ను ద్వారము మాత్రమే. చూచుట నేర్వవలసినది మెదడు. మొదటి నెలలలో వెలుగును రూపమును లోపలికి పోనిచో మెదడు ఆ విద్య నేర్వదు. పిమ్మట తలుపు తెఱచినను ఫలము స్వల్పము. పిల్లికూనలయందు దీనిని పరిశోధించిన హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులకు 1981లో నోబెల్ బహుమానము లభించినది. అక్షరాభ్యాసము అయిదవ యేట చేసినను, ఎనిమిదవ యేట చేసినను చదువు వచ్చును, బడిపంతులుగా నేనెఱుగుదును. చూపునకు అంత వ్యవధి లేదు. రెండు కండ్లను దట్టముగా కప్పిన శుక్లమును పుట్టిన ఆఱెనిమిది వారములకే తీయుట మేలని నేత్రవైద్యులందురు.

మా సీతాఫల్‌మండి సికింద్రాబాదు రైల్వేస్టేషనునకు చేరువ. వైద్యమునకై వచ్చు పల్లెవారు ఇచ్చటి బంధువుల యిండ్లలో దిగుచుందురు. అట్లే మూడేండ్ల పిల్లతో నొక కుటుంబము మా వీథికి వచ్చినది. పిల్ల చంటిదిగా నున్నప్పుడే తల్లి ఆ తెలుపును చూచినదట. "అయిదేండ్లు నిండనిమ్ము" అని తాతగారనిరట. ఈలోగా కంట పసరు పోసిరి. శస్త్రచికిత్స జరిగినది, పిల్ల వెలుగును, పెద్ద ఆకారములను గుర్తించును గాని అక్షరములు కానజాలదు. ఆ తాతగారు మనుమరాలికై పొలమమ్ముటకును సిద్ధపడినవారే. తొందరపడవలెనని ఆయనకు చెప్పినవారు లేకపోయిరి.

రెండవ నెల నిండునప్పటికి బిడ్డ తల్లి మొగమును నిదానించి చూచి నవ్వవలెను. మూడు నెలలకు, కదలించిన దీపము వెంట చూపు త్రిప్పవలెను. పాపలో తెలుపు, ఎల్లప్పుడు ఊగులాడు కండ్లు, ఎడతెగని నీరు, వెలుగునకు మొగము త్రిప్పుకొనుట, వీనిలో నేది కనబడినను ఆలసింపరాదు. "ఎంత పెద్ద కండ్లో!" యని మురియుదుము; అది కంటిలోని ఒత్తిడి వలన కావచ్చును. ఆ తెలుపు కొందఱిలో శుక్లము గాక, ప్రాణము తీయు కంటి క్యాన్సరు కావచ్చును. 34 వారములకు ముందు పుట్టిన బిడ్డలకును, రెండు కిలోలకు లోపు తూగినవారికిని మఱియొక గండము గలదు. పైకి కన్ను చక్కగానే యుండి, లోపలి తెర చెడిపోవును. అట్టివారిని 30 దినములలోగానే కంటివైద్యునికి చూపవలెను.

ఏ వైద్యునికైనను చూపిన జాలదు. పసిపిల్లల కండ్లకు ప్రత్యేకముగా శిక్షణ పొందినవారు కావలెను. హైదరాబాదులో మెహిదీపట్నమున సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి కలదు. బంజారాహిల్సున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థ కలదు. అచ్చట ఇచ్చుకొనలేనివారికి ఉచితముగా చికిత్స చేయుదురు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుకతో వచ్చు శుక్లమును గూడ చూచుదురు. ఊరి ఆశా కార్యకర్త నడిగిన దారి తెలియును.

ఇక నిందల సంగతి. పంచాంగము చూచి తిథివారములు చెప్పువాడనే యైనను, గ్రహణము వలన బిడ్డకు చూపు పోయినదను మాటను నేనంగీకరింపను. గర్భిణికి మొదటి నెలలలో రుబెల్లా సోకినచో బిడ్డకు శుక్లము రావచ్చునని ఆస్ట్రేలియా వైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లోనే తెలిపెను. అందులకు టీకా కలదు. కొన్ని కంటివ్యాధులు తల్లిదండ్రులిరువురి వంశములనుండియు వచ్చును. మేనరికమున ఆ యవకాశ మెక్కువ. కోడలి నొక్కతెను దూషించుట అన్యాయము. మేనరికమైనచో వైద్యునికి దాచక చెప్పవలెను.

చికిత్సతో పని ముగియదు. కండ్లద్దములు పెట్టవలెను, ఒక కంటిచూపు తక్కువైనచో మంచికంటిని దినమునకు కొన్ని గంటలు మూయవలెను, ఏండ్ల తరబడి చూపించుచుండవలెను. "ఆడపిల్లకు అద్దములేల?" యని వానిని తీసి దాచిన యవ్వలున్నారు. వారికి చెప్పగలవారు మీరే.

చూపు రాదని వైద్యులు తేల్చినచో బిడ్డను బడికి పంపుడు. మచిలీపట్నము ప్రాంతమున అంధుడుగా పుట్టిన బొల్లా శ్రీకాంతుగారు హైదరాబాదులో చదివి, సైన్సు చదువుటకు న్యాయస్థానముదాక పోయి అనుమతి గొని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో విద్య ముగించి, 2012లో స్వయముగా పరిశ్రమ స్థాపించిరి.

ఆసుపత్రికి పోవునప్పుడు ప్రసూతి కాగితములు, బిడ్డ పుట్టినప్పటి తూనిక, ఎన్ని వారములకు పుట్టినదో వ్రాసిన చీటి వెంట గొనిపోవలెను. తల్లియు తండ్రియు ఇరువురును పోవుట మంచిది. మత్తు ఇచ్చి పరీక్షింపవలసి రావచ్చును గనుక, పాలు ఎప్పటినుండి మాన్పవలెనో ముందే యడిగి, వారు చెప్పిన వేళ తప్పక పాటింపుడు.