మధ్యవర్తి ఖాతా



పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమునను, దాని చెంతనున్న కర్దనూరునను మనవారు పలువురు చిన్న కార్ఖానాలను, అంగళ్లను నడుపుకొనుచున్నారు. 2016వ సంవత్సరమున యూపీఐ వెలసినది. ఆ యేడే నవంబరు 8వ తేదీన పెద్దనోట్ల రద్దు ప్రకటింపబడినది. 2017 జూలై 1వ తేదీన జీఎస్టీ అమలునకు వచ్చినది. సొమ్ము వచ్చు దారి ఇట్లు మారినను, పద్దు వ్రాయు తీరు చాలచోట్ల మారలేదు. దానింగూర్చియే మా ఈ నాలుగు మాటలు.

కొనువాడు కార్డుతో చెల్లించిన సొమ్ము నేరుగా మన బ్యాంకునకు రాదు. రేజర్‌పే వంటి మధ్యవర్తి సంస్థ దానిని పుచ్చుకొని, తన రుసుమును ముజరా వేసికొని, పలువురి చెల్లింపులను ఒక్కమొత్తముగా కొన్ని దినముల పిమ్మట జమచేయును. 10,000 రూపాయల సరుకు అమ్మితిమనుకొందము. రుసుము నూటికి రెండు చొప్పున 200. దానిపై జీఎస్టీ నూటికి 18 చొప్పున 36. బ్యాంకునకు చేరునది 9,764. గుమాస్తా బ్యాంకు పద్దును మాత్రము జూచి 9,764 అమ్మకమని వ్రాసెనా, మూడు చిక్కులు పుట్టును. అమ్మకము తక్కువయై జీఎస్టీ రిటర్నుతో పొసగదు. 200 ఖర్చు మరుగుపడును. జీఎస్టీ నమోదుగల వర్తకుడు తన పన్నులో తగ్గించుకొనదగిన 36 రూపాయలను పోగొట్టుకొనును.

దీనికి ఉపాయము సులభము. మధ్యవర్తి సంస్థ పేర నొక ఖాతా తెరువవలయును. అమ్మిననాడు 10,000 ఆ ఖాతాకు ఖర్చు వ్రాసి, అమ్మకమునకు జమ వ్రాయవలయును. బ్యాంకునకు సొమ్ము చేరిననాడు 9,764 బ్యాంకునకును, 200 రుసుమునకును, 36 పన్నునకును ఖర్చు వ్రాసి, ఆ ఖాతాకు 10,000 జమ వ్రాయవలయును. నిలువ సున్న యైనచో లెక్క కుదిరినది. కానిచో సొమ్ము ఇంకను రావలసియున్నదో, కొన్నవానికి తిరిగి పోయినదో, పద్దు తప్పినదో వెదకి తెలిసికొనవచ్చును. మార్చి 31వ తేదీన మిగిలిన నిలువ మనకు రావలసిన బాకీయే.

ఇదంతయు చేతితో వ్రాయనక్కరలేదు. 1986లో స్థాపింపబడిన బెంగుళూరు సంస్థవారి టాలీ మన గుమాస్తాలు పలువు రెరిగినదే. మధ్యవర్తి సంస్థ ఇచ్చు సెటిల్‌మెంటు నివేదికను అందులోనికి ఎక్కించు సాధనములు గలవు. అయితే ప్రతి చెల్లింపునకును ప్రత్యేకమైన సంఖ్య యుండును. ఆ సంఖ్య పద్దులో తప్పక చేరవలయును. ఒకమారు ఎక్కిన సంఖ్య మరల నెక్కకుండ కట్టడి చేయనిచో, యంత్రము ఒకే అమ్మకమును రెండుమార్లు వ్రాసిపెట్టును. యంత్రము వేగముగా వ్రాయును గాని, సరిచూచు భారము మనదే.

ఈ విషయము అంగళ్లతో ముగియదు. మన విద్యార్థి వేతన నిధికి ఒక కూలిసోదరుడు కార్డుతో 1,000 రూపాయలు పంపినచో, రుసుము ముజరా పోగా బ్యాంకునకు చేరునది అంతకంటె తక్కువ. అదియు పదిమంది చందాలతో కలిసి వచ్చును. మొత్తమును మాత్రమే వ్రాసికొన్నచో ఆ దాత పేరు చిట్టాలో నుండదు, రసీదును తప్పుపడును. అతడు చెమటోడ్చి యిచ్చినది వేయి. రసీదును వేయికే ఈయవలయును. ముజరా నిధి ఖర్చుగా వేరుగ కనబడవలయును. పేరు పోయిన చందా మరుసటి యేడు రాదు. చందా రానినాడు చదువు మానవలసినవాడు మన బిడ్డయే.

కావున వాణిజ్యశాస్త్రము చదివిన యువకులు వారమునకొకనాడు కోశాధికారి చెంత కూర్చుండి ఈ ఖాతాను సరిచూడవలయుననియు, దాతల సొమ్ము చెక్కుచెదరక విద్యార్థులకు ముట్టునట్లు ఆ రుసుమును పోషకమహాశయులు తాము భరింపవలయుననియు ఈ మహాసభకు విన్నవించుచున్నాము. తీర్మానము చేయుట తమ వంతు. చిట్టా విప్పి చూపుట మా వంతు.