గాలిలోకి కాల్చిన తూటా ఎక్కడికి పోతది?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాల్పులు జరిగినప్పుడల్లా ఒక మాట వింటుంటం. 'గుంపును చెదరగొట్టడానికి గాలిలోకి కాల్చాం' అంటరు. తెల్లారి పేపర్లు అదే అచ్చేస్తయి. మనం కూడా 'పోనీ, మనుషుల మీద కాల్చలేదు కదా' అనుకుంటం. మరి ఆ తూటా ఏమైనట్టు? ఆకాశంలో కరిగిపోదు కదా! పైకి పోయింది కిందికి రావాల్సిందే. ఎక్కడ పడుతది, ఎంత వేగంతో పడుతది? ఈ లెక్క తెలిస్తే ఆ మాట బండారం బయటపడుతది.

మన పోలీసుల భుజాల మీద దశాబ్దాల పాటు కనిపించిన .303 రైఫిల్‌నే తీసుకుందాం. దాని తూటా బరువు 11 గ్రాముల పైచిలుకు. గొట్టం నుంచి సెకనుకు దాదాపు 740 మీటర్ల వేగంతో బయటికొస్తది. గాలే లేకుంటే, 45 డిగ్రీల వాలులో పేలిస్తే 56 కిలోమీటర్లు పోవాలె. నిజంగా పోయేది సుమారు 3 కిలోమీటర్లే. మిగతాదంతా గాలి మింగేస్తది. అయితే 3 కిలోమీటర్లంటే తక్కువేం కాదు. ట్యాంక్‌బండ్ ఈ చివర కాలిస్తే ఆ చివర నిలబడ్డోనికీ ప్రమాదమే. గురిచూసి కొట్టగలిగే దూరం వేరు, ప్రాణం తీయగలిగే దూరం వేరు. మొదటిది వందల మీటర్లలో ఉంటే రెండోది కిలోమీటర్లలో ఉంటది.

దూరాన్ని మార్చేవి ఏమేమి? ఒకటి, తూటా రూపం, బరువు. సూదిమొన తూటా గాలిని చీల్చుకుంటూ పోతది. మొద్దుమొన పిస్తోలు తూటా తొందరగా వేగం కోల్పోతది, అయినా కిలోమీటరు దాటుతది. పోటీల్లో వాడే చిన్న .22 తూటా కూడా కిలోమీటరున్నర దాకా పోతది. పిట్టల వేట తుపాకీ ఛర్రాలైతే రెండు మూడు వందల మీటర్లలోనే రాలిపోతయి. రెండు, గాలి. లేహ్ లాంటి ఎత్తు ప్రాంతంలో గాలి పల్చన కాబట్టి తూటా ఇంకా దూరం పోతది. పక్కగాలి మామూలుగా వీచినా 300 మీటర్ల దూరంలో జానెడు పక్కకు నెడుతది. రోడ్డుకో గోడకో తగిలిన తూటా ఎటు మళ్లుతదో కాల్చినోనికే తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం వాలు. ఛాతీ ఎత్తులో అడ్డంగా కాల్చిన రైఫిల్ తూటా అర సెకనులో నేలను తాకుతది, అప్పటికే 300 మీటర్లు దాటిపోతది. గొట్టాన్ని కొద్దిగా పైకి లేపితే చాలు, దూరం కిలోమీటర్లకు పెరుగుతది. గాలి అడ్డుకోవడం వల్ల 45 దగ్గర కాదు, 30-35 డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ దూరం పోతది. గుంపు తలల మీదుగా కాల్చడమంటే ఏంది? ఎదురుగా ఉన్నోన్ని వదిలి, ఏ పాపం తెలియనోని మీదికి తూటాను పంపుడే.

నిట్టనిలువుగా కాలిస్తే? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఫ్లోరిడాలో ఈ పరీక్ష చేసింది. పైకిపోయిన రైఫిల్ తూటా సెకనుకు సుమారు 90 మీటర్ల వేగంతో తిరిగొచ్చింది. చర్మాన్ని చీల్చడానికి 60 మీటర్ల వేగమే చాలు. వాలుగా పోయిన తూటా ఇంకా వేగంగా, మొన ముందుకు పెట్టుకొని దిగుతది. 2003 చివర్ల ప్యూర్టోరికోలో కొత్త సంవత్సరం సంబరాల కాల్పులకు 19 మంది గాయాల పాలైన్రు, వాళ్లలో ఒకరు చనిపోయిన్రు. మన దేశంలో 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ప్రాణాలకు ముప్పు తెచ్చే సంబరాల కాల్పులకు రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టిన్రు.

పెండ్లి బరాత్‌లో తప్పయింది, బందోబస్తులో ఒప్పు ఎట్లయితది? పోలీసు ఐజీల సదస్సు 1964లో ఆమోదించిన నమూనా నిబంధనలే గాలిలోకి హెచ్చరిక కాల్పులు, తలల మీదుగా కాల్పులు కూడదన్నయి. అంటే 'గాలిలోకి కాల్చాం' అన్నది సంజాయిషీ కాదు, నేరం ఒప్పుకోవడం.

1952 సెప్టెంబర్‌ల సిటీ కాలేజీ, పత్తర్‌గట్టి కాల్పుల మీద జస్టిస్ జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపిన్రు. ఆ తర్వాత 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్, 2007 జులై 28న ముదిగొండ చూసినం. ఎక్కడ కాల్పులు జరిగినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే: ఏ తుపాకీ? ఎన్ని తూటాలు ఇచ్చిన్రు, ఎన్ని తిరిగొచ్చినయి? ఎంత దూరం నుంచి, ఏ వాలులో కాల్చిన్రు? గాయం శరీరంలోకి ఏ దిక్కు నుంచి దిగింది? పోస్టుమార్టం రిపోర్టులో ఈ దిక్కు రాసి ఉంటది. ఆ కాగితం అడిగి తీసుకోండి, చదవండి. డాక్టర్లు, లాయర్లు, ఫిజిక్స్ చెప్పే లెక్చరర్లు మన మధ్యనే ఉన్నరు. ప్రకటన అబద్ధమాడొచ్చు. తూటా పోయిన దారి అబద్ధమాడదు.