గ్రహణం మొర్రి – తప్పు ఎవరిది?
(ఆరోగ్య కేంద్రంలో దంపతులకు ఇచ్చిన ఉపన్యాసం)



బిడ్డ పెదవి చీలి పుడితే మన ఊళ్ళలో మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "గ్రహణం నాడు కోడలు బయటికొచ్చిందా? కత్తిపీట ముట్టిందా?" పురిటి మంచం మీదనే ఆ పిల్లకు శిక్ష పడిపోతుంది. ఆ శిక్ష అన్యాయమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

గ్రహణం నాడు పొలంలో పని చేసుకున్న తల్లులకు చక్కని పిల్లలు పుడుతున్నారు. తలుపులు వేసుకుని కదలకుండా పడుకున్న తల్లులకూ మొర్రి పిల్లలు పుడుతున్నారు. కాబట్టి కారణం ఆకాశంలో లేదు.

కడుపులో బిడ్డ పైపెదవి 4 నుంచి 7 వారాల మధ్య తయారవుతుంది. రెండు పక్కల నుంచీ కండ పెరిగి వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య అతుక్కుంటుంది. ఆ అతుకు కుదరకపోతే చీలిక మిగిలిపోతుంది. చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసీ తెలియకముందే ఇదంతా జరిగిపోతుంది.

అతుకు ఎందుకు కుదరదు? ఎక్కువమందిలో కారణం ఒక్కటే ఉండదు. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులు కొంత; తల్లికి షుగరు ఉండడం, పొగ తాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు కొంత. అలాగని మూర్ఛ మందు మీ అంతట మీరు మానకండి. గర్భం రాకముందే డాక్టరును అడగండి.

కొన్ని కుటుంబాల్లో మాత్రం ఇది సూటిగా వంశంలో దిగి వస్తుంది. వాన్ డెర్ వూడ్ అనే అరుదైన జబ్బు ఇలాంటిదే. దీనికి ఎక్కువగా కారణమయ్యే జన్యువును 2002లో గుర్తించారు. ఈ జబ్బున్న చాలామందికి కింది పెదవి మీద చిన్న గుంటలు ఉంటాయి. కొందరికి ఆ గుంటలు తప్ప వేరే లోపమే ఉండదు. వాళ్ళ బిడ్డకు మాత్రం మొర్రి రావచ్చు. తల్లికి ఉన్నా, తండ్రికి ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఇది వచ్చే అవకాశం సగానికి సగం. అంటే కోడల్ని నిలదీసే ముందు కొడుకు పెదవి కూడా చూడాలన్నమాట! అయినా ఇది ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. తండ్రినీ తప్పుపట్టే పని లేదు.

"ఒక బిడ్డ ఇలా పుట్టింది, ఇక పిల్లలు వద్దా?" అని కొందరు భయపడతారు. వంశంలో ఇంకెవరికీ లేకపోతే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 3 నుంచి 5 మాత్రమే. భయంతో తొందరపడి కు.ని. ఆపరేషన్ చేయించుకోవద్దు, తొందరపడి మళ్ళీ కడుపూ తెచ్చుకోవద్దు. మూడేళ్ళు ఎడం పెట్టండి. నిరోధ్, మాత్రలు, కాపర్-టి ఉన్నాయి. ఈలోగా ఈ బిడ్డకు చికిత్స చేయించండి, మీరిద్దరూ డాక్టరు సలహా తీసుకోండి.

మళ్ళీ బిడ్డ కావాలనుకున్నప్పుడు నెల తప్పకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు వాడండి. మేనరికం చేసేముందు ఆలోచించండి. దగ్గర రక్తసంబంధంలో పుట్టుకతో వచ్చే లోపాలు కొంత ఎక్కువ.

మొర్రి బిడ్డను తల నిటారుగా ఎత్తిపట్టి పాలివ్వండి. చప్పరించలేకపోతే తల్లిపాలే పిండి, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొంచెం కొంచెంగా పట్టండి. బిడ్డ బరువు పెరుగుతుంటే 3 నుంచి 6 నెలల మధ్య పెదవికి, సుమారు ఏడాది వయసులో అంగిలికి ఆపరేషన్ చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ చికిత్స ఉచితం. మీ ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడగండి.

చీలిన పెదవిని డాక్టరు కుట్టగలడు. నిందపడ్డ తల్లి మనసును కుట్టవలసింది మాత్రం మీరే.