గుఱ్ఱము దిగిన పిదప
(సాహిత్య సభలో గావించిన ప్రసంగ పాఠము)



అపరాధ పరిశోధక నవల యనగానే మన యిండ్లలో ఒక వింత జరుగును. పిల్లలు దానిని పాఠ్యపుస్తకము నడుమ దాచి చదువుదురు. పెద్దలు దానిని లాగికొని కోపింతురు. రాత్రి యందఱును నిద్రించిన పిదప తామే చదువుదురు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరుని కథలకై ఎదురుచూచినవారు నేటికిని ప్రతి సభలో నలుగురైనను కనబడుదురు. అయినను ఈ జాతి నవలకు సాహిత్యసభలో పీట వేయుటకు చాలమంది సంకోచింతురు. హంతకు డెవడో తెలిసిన తరువాత దానిలో మిగులున దేమి యని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల నవల యొకటి ఇంగ్లండులో 1965లో వెలువడెను. దాని పేరు ‘ఆడ్స్ అగెయిన్‌స్ట్’. రచయిత డిక్ ఫ్రాన్సిస్. పందెపు మైదానములో, గెలుచుటకంటె ఓడుటకే ఎక్కువ యవకాశ మున్నదని బుకీలు తలంచిన గుఱ్ఱమునకు చెప్పెడి రేటును ఆంగ్లేయు లీ మాటతో సూచింతురు. నవలలో అట్టి గుఱ్ఱము సిడ్ హాలీ యను మనిషి. అతడు పూర్వము గొప్ప జాకీ. చేయి చెడి, స్వారి మాని, పరిశోధకు డైనవాడు.

హాలీని తెలిసికొనుటకు ముందు అతనిని సృష్టించినవానిని తెలిసికొనవలెను. ఫ్రాన్సిస్ 1920లో వేల్సులో జన్మించెను. తండ్రియు గుఱ్ఱముల వృత్తిలోని వాడే. కుమారుడు పదునైదవ యేట బడి మానెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు వాయుసేనలో చేరి, తొలుత నేలపై విమానముల మరమ్మతు పని చేసి, తరువాత విమానము నడపెను. యుద్ధానంతరము జాకీ యై 350కి పైగా పందెములు గెలిచెను. 1953-54 పందెపు ఋతువులో ఇంగ్లండున ప్రథమ జాకీగా నిలిచెను. రాజమాత ఎలిజబెత్తుగారి గుఱ్ఱములను స్వారి చేయు గౌరవమును పొందెను.

హైదరాబాదు మలక్‌పేటలోను, మద్రాసు గిండీలోను పందెములు చూచినవారికి ఇచట ఒక భేదము చెప్పవలెను. మన మైదానములలో గుఱ్ఱములు చదునైన పచ్చికపై పరుగెత్తును. ఫ్రాన్సిస్ స్వారి చేసినవి కంచెలు దూకు పందెములు. గుఱ్ఱము పూర్తి వేగముతో వచ్చి, తన రొమ్మెత్తు కంచెను దాటవలెను. కొన్నిచోట్ల ఆవలి ప్రక్కన గుంటయు నుండును. గుఱ్ఱములు కూలుట, జాకీలు పడుట, వెనుక వచ్చు గుఱ్ఱముల డెక్కలు వారిపై పడుట ఆ వృత్తిలో నిత్యకృత్యము. ఫ్రాన్సిస్ ఎముకలును పలుమారులు విఱిగినవి. ఈ యనుభవము లేనివాడు హాలీ కథను వ్రాయజాలడు.

1956 మార్చి 24వ తేదీన ఎయింట్రీ మైదానమున గ్రాండ్ నేషనల్ పందెము జరిగెను. దూరము నాలుగు మైళ్లకు పైమాట, కంచెలు 30. రాజమాతగారి ‘డెవన్ లాక్’ అను గుఱ్ఱముపై ఫ్రాన్సిస్ అన్ని కంచెలను దాటి, అందఱికంటె ముందు వచ్చుచుండెను. గెలుపు కంబము ఇంక సుమారు 50 గజములు. జనుల హర్షధ్వానములు మిన్నుముట్టెను. అంతలో, దారిలో ఏ యడ్డమును లేకుండగనే, ఆ గుఱ్ఱము కాళ్లు చాచుకొని పొట్టపై కూలబడెను. వెనుకనున్న ‘ఇ.ఎస్.బి.’ అను గుఱ్ఱము ముందునకు సాగి గెలిచెను. డెవన్ లాక్ ఎందుకు పడెనో నేటికిని నిర్ధారణ కాలేదు. ఆ జనఘోషకే అది బెదరియుండునని ఫ్రాన్సిస్ తలంచెను. గెలిచిన పందెములు మూడువందల యేబది యున్నను, లోకము ఆయనను గెలువని ఆ యొక్క పందెముతోనే చిరకాలము గుర్తుంచుకొనెను.

మఱుసటి యేడు ఆరంభమున, మఱియొకమారు పడి గాయపడిన తరువాత, ఆయన స్వారి మానెను. అప్పటికి వయస్సు 36. ఇతరులు వృత్తిలో కుదురుకొను వయస్సున ఆయన వృత్తి ముగిసెను. అదే యేట ఆత్మకథ వెలువడెను. ఒక వార్తాపత్రికకు పదునాఱు సంవత్సరములు పందెముల విలేఖరిగా పనిచేసెను. 1962లో ‘డెడ్ సర్ట్’ అను మొదటి నవల వచ్చెను. నవలలకు కావలసిన విషయ సేకరణలో భార్య మేరీ ఆయనకు కుడిభుజమై నిలిచెను.

ఈ జీవితమును ఎఱిగి నవల తెఱచినవానికి మొదటి పుటలలోనే ఒక పరిచిత బాధ కనబడును. హాలీ ఒక పందెమున గుఱ్ఱముతో కూలినప్పుడు, మఱియొక గుఱ్ఱపు డెక్క అతని యెడమచేతిని చీల్చివేసెను. చేయి ఒంటిని అంటియున్నది గాని పనికి రాదు. ‘హంట్ రాడ్నర్’ అను ప్రైవేటు పరిశోధక సంస్థ అతనికి ఉద్యోగ మిచ్చినది. బల్ల యున్నది, కుర్చీ యున్నది, జీతము వచ్చును. చేయవలసిన పని మాత్రము లేదు. అతనికిని పని యడుగవలె నను కోరిక లేదు. ఇట్లు రెండు సంవత్సరములు గడచినవి. కార్యాలయములలో జీవితము గడపెడి వారికి ఇట్టి కుర్చీని గూర్చి విడమర్చి చెప్ప నక్కఱలేదు.

ఒకనాటి రాత్రి ఆఫీసులో కాపు వేసియుండగా, ఒక చిల్లర దొంగ కాల్చిన తుపాకి గుండు హాలీ కడుపులో దిగును. నవల ఇచ్చటనే ఆరంభమగును. ఆ గుండు అతనిని చంపలేదు, మేలుకొలిపినది. ఆస్పత్రి మంచముపై అతనికి రెండేండ్ల తరువాత కోపమనునది వచ్చును. దానివెంటనే పని చేయవలె నను కోరికయు పుట్టును.

ఆ కోరికకు త్రోవ చూపినవాడు మామగారు చార్లెస్ రోలండ్. ఆయన నౌకాదళమున రియర్ అడ్మిరల్‌గా పనిచేసి విరమించిన పెద్దమనిషి. మొదట ఈ జాకీ యల్లుడు ఆయనకు నచ్చలేదు. చదరంగపు బల్లకు ఎదురెదురుగా కూర్చుండిన నాటినుండి ఇద్దఱికిని స్నేహము కుదిరెను. కూతురు భర్తను విడిచి పోయినను మామ అల్లుని విడువలేదు. అల్లుడు కోలుకొనుటకు తన యింటికి రాగా, ఆయన హోవర్డ్ క్రే అను ధనికుని సకుటుంబముగా విందునకు పిలిచి, వారి యెదుట అల్లుని పనికిమాలినవానిగ చిత్రించి, నోటికి వచ్చినట్లు చులకన చేయును. హాలీ నిర్ఘాంతపడును. అవమానము మ్రింగి, తరువాత దాని మర్మమును గ్రహించును. తనను చీమగా నెంచిన శత్రువు తన యెదుట జాగ్రత్త పడడు. మామ అతనికి కప్పిన కవచము ఆ చులకనయే.

క్రే కుట్ర యిది. సముద్రతీరమున సీబరీ యను పందెపు మైదానము కలదు. అది వాటాదారుల కంపెనీ సొత్తు. పందెములు జరిగినంత కాలము వాటాలకు విలువ యుండును. పందెములు ఆగినచో ఆదాయము పడును, వాటాల ధర పడును, విసిగినవారు అమ్ముకొందురు. అధికసంఖ్యాకములగు వాటాలు చేజిక్కినవాడు మైదానమును మూసి, నేలను ఇండ్ల స్థలములుగా అమ్మి పదింతలు గడింపవచ్చును. కావున మైదానమునకు వరుసగా ‘ప్రమాదములు’ సంభవించును. రసాయన ద్రవ్యముతో పోవుచున్న టాంకరు లారీ యొకటి బోల్తాపడి పచ్చిక మాడిపోవును. బయటివారికి ఇంత సుకరముగా సాగుట ఎట్లని పాఠకుడు ఆశ్చర్యపడును. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడను సామెత ఆంగ్లేయులకును వర్తించునని కడపట తేలును.

ఇది కేవలము కల్పన కాదు. లండను సమీపమున థేమ్సు నది యొడ్డునున్న హర్స్ట్ పార్కు మైదానము 1962లో మూతబడి, ఆ నేలలో ఇండ్లు లేచెను. మఱుసటి సంవత్సరమే మాంచెస్టరు మైదానమును మూతబడెను. వానిలో కుట్ర లేకపోవచ్చును. నేల ధరయే చాలును. గట్టు తెగిన చెఱువును బాగుచేయక యెండనిచ్చి, ఎండిన చెఱువే కదా యని ఇండ్ల స్థలములు గీచుకొనుట చూచిన తెలుగువారికి సీబరీ కథ క్రొత్తగా తోపదు.

అయితే నవలకు ఆయువుపట్టు ఈ కుట్రలో లేదు. పరిశోధన నిమిత్తము హాలీ ఒక వాటాల దళారి కార్యాలయమునకు, అసలు సంగతి చెప్పక, పోవును. అచట జానా మార్టిన్ అను ఉద్యోగిని కలదు. బాణసంచా పేలి ఆమె ముఖమున సగము చెడెను. వచ్చిపోవువారు తన ముఖము చూడకుండ, ఆమె వాకిటికి వీపు పెట్టి బల్ల వేసికొని పనిచేయును. హాలీ తన యెడమచేతిని ఎల్లప్పుడును జేబులో దాచును. ఒకరి దాపఱికమును మఱియొకరు క్షణములో గుర్తింతురు. దాచుకొను విద్య తెలిసినవారికే అది కనబడును.

వారిద్దఱి నడుమ ఒక యొప్పందము కుదురును. ఆమె బల్లను వాకిటివైపు త్రిప్పవలెను. అతడు చేతిని జేబులోనుండి తీసి నలుగురి యెదుట నుంచవలెను. ఎంత చిన్న పని! తుపాకికి వెఱవని హాలీకి ఇది దుస్సాధ్యమగును. తన ప్రతాపమును ఎఱిగిన పూర్వపు మిత్రులు ఆ చేతిని చూచి చూపు త్రిప్పుకొందు రను భయమే అతనిని బాధించును. ఆమె మాత్రము మఱునాడే బల్లను త్రిప్పును. తన్ను నమ్మిన ఆ యమాయకురాలి వద్ద తాను నిజము దాచి సమాచారము లాగుచున్నా డను సంగతి అతని మనస్సును కలచును. పరిశోధకుని వృత్తిలోని యీ మచ్చను రచయిత కప్పిపుచ్చలేదు.

కడపట హాలీ శత్రువులకు చిక్కును. వారు ఆ చేతినే హింసింతురు. కుట్ర బయటపడును గాని, చేతిని వైద్యులు తొలగింపక తప్పలేదు. సాధారణ పరిశోధక నవలలో నాయకుని గాయము మఱుసటి ప్రకరణమునకు మానిపోవును. ఈ గాయము మానలేదు. 1979లో వెలువడిన ‘విప్ హాండ్’ నవలలో అతడు విద్యుత్తుతో కదలు కృత్రిమ హస్తము ధరించి కనబడును. అందు ఒక బుకీ తుపాకి నెక్కుపెట్టి, మిగిలిన కుడిచేతిని గూడ ఎగురగొట్టుదునని బెదరించును. హాలీ వణకిపోయి, చేయవలసిన పనిని విడిచి, పారిస్ నగరమునకు పాఱిపోవును. ధైర్యవంతుడని లోకమెంచినవాడు తన పిఱికితనమును తానొక్కడే యెఱిగి, హోటలు గదిలో దానితో గడపెడి ఆ దినములు రెండు నవలలలోను మిక్కిలి బలవత్తరమైన ఘట్టము. అతడు తిరిగి వచ్చునది భయము పోయి కాదు. భయముతో బ్రదుకుటకంటె సిగ్గుతో బ్రదుకుట కష్టమని తోచి.

నవలలో దోషములు లేవా? కలవు. ప్రతినాయకులు కాటుకకంటె నల్లనివారు. క్రే భార్య క్రౌర్యము కొంత అతి యనిపించును. చాలవఱకు ఒక్కొక్క నవలకు ఒక్కొక్క నాయకుని కల్పించిన ఫ్రాన్సిస్ ఈ హాలీ వద్దకు మాత్రము పలుమారులు వచ్చెను. ‘కమ్ టు గ్రీఫ్’ 1995లోను, ‘అండర్ ఆర్డర్స్’ 2006లోను వెలువడెను. ‘విప్ హాండ్’, ‘కమ్ టు గ్రీఫ్’ రెండును అమెరికా మిస్టరీ రచయితల సంఘమువారి ఎడ్గార్ బహుమతి నందెను. 2010లో ఫ్రాన్సిస్ గతించిన పిదప, కుమారుడు ఫీలిక్స్ 2013లో హాలీ కథను కొనసాగించెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. హంతకు డెవడో తెలిసిన తరువాత మిగులున దేమి? ఈ నవలలో దోషి యెవడో ముందే తెలియును. తెలియనిది మఱియొకటి: గుఱ్ఱము దిగిన పిదప జాకీ యెవడు? ఇది జాకీలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. అరువది నిండిన నాడు తాళపుచెవులు అప్పగించి, పూలదండతో ఇల్లు చేరిన ప్రతి యుద్యోగియు మఱునాటి యుదయము పది గంటలకు ఆ ప్రశ్ననే యెదుర్కొనును. తలుపుపై పేరు పలక లేదు. సలాము చేయువారు లేరు. ఆ యింట ఇల్లాలికిని పిల్లలకును గూడ, ఆయనతో ఎట్లు మసలవలెనో కొన్నినాళ్లు తోపదు. కొందఱు పూర్వపు హోదాను చెప్పుకొని కాలము గడపుదురు. కొందఱు లేమిని జేబులో దాచుకొని, వాకిటికి వీపు పెట్టి కూర్చుందురు.

హాలీ కథ వారికి పెద్ద ఉపదేశ మేమియు చేయదు. పోయిన చేయి తిరిగి రాదని నిర్మొగమాటముగా చెప్పును. పనికివచ్చెడి పని యొకటి దొరకువఱకు మనిషికి తన విలువ తనకే తెలియదనియు, ఆ పనికి పూనుకొనుటకు ముందు చేతిని జేబులోనుండి తీయవలె ననియు చెప్పును. మామగారి వంటి యొకరు చదరంగపు బల్లకు అవతల కూర్చుండినచో అది కొంత సులభమగునని గూడ చూపును. కనుక పిల్లల పాఠ్యపుస్తకము నడుమ ఈ నవల కనబడినచో పెద్దలు కోపింప వలదు. వారు చదివి ముగించిన తరువాత అడిగి తీసికొని, ఈమాఱు పగటివేళనే చదువవచ్చును.

స్వస్తి.