పుష్కరము వెళ్లిన మరునాడు



నేడు నేను మీకు విన్నవింపబూనినది పెద్ద విషయము కాదు. రాజమహేంద్రవరములో మా పేటను ఒరసికొని, గోదావరిగట్టుమీద రెండువందల గజముల నడకదారి యొకటి కలదు. ఒక కొసను పాతరేవు మెట్లు, రెండవ కొసను చాకిరేవు. నడుమ నిలిచి చూచినచో, 1900లో తెరువబడి 1997లో నావలెనే విశ్రాంతి గైకొన్న హేవలాకు వంతెన కానవచ్చును. ఆ దారి బాగోగులను గూర్చి నాలుగు మాటలు చెప్పుదును. ఇంత చిన్న దారికి రేడియోలో ప్రసంగమేల యని మీరు నవ్వవచ్చును. కాని యేటియొడ్డున నున్న ప్రతి యూరిలోను ఇట్టి దారి యొకటి యుండును; దాని కథయు ఇంచుమించుగా నిదియే. మీ యూరి దారిని మనస్సున నుంచుకొనియే నా మాటలు వినుడు.

నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసినవాడను. మాటల పుట్టుక వెదకుట నాకు మానని యలవాటు. కావున ఒక మాటతోనే మొదలుపెట్టుదును. తీర్థ మనగా నేమి? పుణ్యజల మని మనమందరము చెప్పుదుము. కాని యా శబ్దము 'దాటు' అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. ఏటిని దాటుటకును, నీటిలోనికి దిగుటకును వీలయిన చోటు తీర్థము. అనగా మన తెనుగున రేవు. గోదావరి త్ర్యంబకమున పుట్టి సముద్రమున గలియువరకు సుమారు 1,465 కిలోమీటర్లు పారుచున్నది. అంత పొడవునను నీరున్నది గాని, అంతటను రేవు లేదు. నిర్భయముగా కాలు మోపగల మెట్టున్నచోటనే రేవు. మెట్టు పాడయినచో, నీటి మహిమ యెంత యున్నను అది తీర్థము కాదు, వట్టి యొడ్డు. ఈ సంగతి నిఘంటువు వలన నాకు ఇరువదియేండ్ల ప్రాయమున తెలిసినది. అనుభవము వలన తెలిసినది అరువదియేండ్లు దాటిన పిమ్మట.

అది కార్తికమాసము, తెల్లవారుజాము. నా యిల్లాలు దీపము విడుచుటకు రేవునకు వెళ్లినది. కాపురమునకు వచ్చిననాటినుండియు ఆమెకది నియమము. ఆ మెట్లు ఆమె పాదములకు కంఠస్థములు. కాని గట్టుమీది దీపములు ఆరిపోయి చాలనాళ్లయినది. క్రిందినుండి నాలుగవ మెట్టు రాయి కదలియుండెను. దానిపై నాచు పట్టియుండెను. ఆమె జారిపడినది. తుంటియెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగి ప్రాణము దక్కినది గాని, నాటినుండి చేతికర్ర లేనిదే నడువజాలదు. రేవు దిగనే లేదు. మా వాకిటికి మూడువందల అడుగుల దూరమున నున్న గోదావరి ఆమెకు కాశికంటె దూరమైనది.

నాకు మొదట కోపము వచ్చినది. అర్జీలు వ్రాసితిని. ఆ యర్జీలలో ఛందస్సు తప్ప తక్కిన కావ్యలక్షణము లన్నియు నుండెను. ఒక కార్యాలయమువారు ఆ గట్టు మాది కాదనిరి. రెండవవారు గట్టు మాదియే గాని మెట్లు మావి కావనిరి. దీపములు మూడవవారివి. ముగ్గురును మర్యాదగనే చెప్పిరి.

ఆ కోపములోనే గడచిన పుష్కరములు జ్ఞప్తికి వచ్చినవి. 2015వ సంవత్సరము జూలై 14వ తేదీన, పుష్కరముల మొదటి యుదయముననే, పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా యాత్రికులు ప్రాణములు గోలుపోయిరి. ఆ దుఃఖము మా యూరు మరువలేదు, మరువరాదు. ఆ పండుగకు ముందు మా నడకదారికిని పలకరాళ్లు, ఇనుపకమ్ములు, దీపములు వచ్చినవి. పండ్రెండు దినములు వెలిగినవి. పదుమూడవనాటినుండి వాని యోగక్షేమము విచారించువారు లేరైరి. తరువాతి వరదకు ఒండ్రు పేరుకొన్నది, ఎవరును కడుగలేదు. కమ్మి యొకటి వదులైనది, ఎవరును బిగింపలేదు. మన పని పండ్రెండేండ్ల కొకమారు. ఏటి పని దినదినము. ఇట్టి పందెములో ఎవరు గెలుతురో చెప్పనక్కరలేదు.

ఇంతవరకు తప్పు పరులది. నా తప్పు కూడ చెప్పవలెను. ఒకనాటి యుదయమున, ఇంటి పూజానిర్మాల్యమును ప్లాస్టికు సంచిలో మూటగట్టి, అలవాటు చొప్పున గట్టుమీదినుండి విసరితిని. గట్టు ఊడ్చుచున్న మనిషి నా పూర్వశిష్యుడు. చీపురు ప్రక్కన బెట్టి నమస్కరించి యిట్లనెను: "మేష్టారండీ, మీరు అర్జీలు రాస్తున్నారని విన్నానండి. ఈ సంచీ సంగతి కూడా అందులో రాశారాండి?"

అతని మాటలో వెటకారము లేదు, నిజముగా నడిగినాడు. నీటిలో అశుచిపదార్థములు వేయరాదని మనుస్మృతి శాసించుచున్నది. ఆ మాట నేను తరగతిలో చెప్పియుంటిని. అది నోటికి వచ్చినదే గాని చేతికి రాలేదు. ఆనాడే అతనిని ఆదివారము ఉదయమున కొక గంట నాకు పని నేర్పుమని యడిగితిని. ఇప్పుడు ఆదివారమున పదునేనుగురము కూడుచున్నాము. నేర్చుకొన్నవానిలో మీకు పనికివచ్చునవి కొన్ని చెప్పుదును.

మొదటిది ఒండ్రు. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది యిత్తురు. వరద వచ్చునప్పుడు ఊరంతయు గట్టుమీదనే నిలిచి చూచును. తీయునప్పుడు చూచువాడు లేడు. మెట్టు బయటపడినవెంటనే, ఒండ్రు తడిగా నున్నప్పుడే, ఏటినీటితోనే కడుగవలెను. నాడు గంటలో తీరు పని, నాలుగెండలు కాచిన పిమ్మట గడ్డపారలతో నాలుగు దినములకును తీరదు.

రెండవది నాచు. నీరు తగులు క్రింది మెట్లను ఇసుకతోను, కొబ్బరిపీచుతోను వారమున కొకమారు తోమవలెను. మూడవది రావిమొక్క. రాళ్ల సందున రెండాకులతో మొలచినప్పుడు రెండు వ్రేళ్లతో ఊడివచ్చును. పవిత్రమని విడిచితిమా, దాని వేరే మెట్టును చీల్చును. పవిత్రవృక్షమునకు చోటు వేరుగ కలదు. దానిని పెకలించి అచ్చట నాటవచ్చును. నిర్మాల్యమున కొక గోతిని త్రవ్వితిమి. పూలు ఎరువై మొక్కలకు చేరుచున్నవి.

మేలు చేయబోయి కీడు చేయుటయు కలదు. నీడకొరకని మేము గట్టు వాలుమీద వేపమొక్కలు నాటితిమి. కాలువలపై చిరకాలము పనిచేసిన వృద్ధ లస్కరొకడు అది చూచి తల యూపెను. "చెట్టు బతికున్నన్నాళ్లూ బాగానే ఉంటదండి. చచ్చాక వేరు కుళ్లి, గట్టులో గొట్టమైపోద్దండి. వరదనీళ్లు ఆ దారే వెతుక్కుంటాయండి" అనెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినపుడు, దిగువ లంకలును, గట్లును ఏమైనవో చూచినవా డతడు. గట్టు మొదట ఊరికి రక్ష. పిమ్మటనే మనకు షికారుదారి. ఆ సాయంకాలమే మొక్కలను పెకలించి గట్టు దిగువన, ఊరివైపున నాటితిమి.

మరియొకమారు దాత యొకరిచ్చిన రాతిబల్లను మంచి చోటు చూచి వేయించితిమి. మరునాడు పల్లెవారు వచ్చి, అది వలలు ఆరవేయు చోటనిరి. ఎన్ని తరములనుండియో వారు వలలారవేయుట నేను ప్రతిదినము చూచుచునే యుంటిని. అది వారి చోటని తోచలేదు. బల్లను జరిపితిమి. గట్టు బాగుచేయువాడు ముందు అచ్చట ఎవరెవరు ఏయే వేళల నేమి చేయుదురో తెలిసికొనవలెను. చాకలివారిని, పల్లెవారిని, శనగలమ్ము ముసలిదానిని వెడలగొట్టి చేసినది బాగు కాదు. గోడకు సున్నము కొట్టి ఇంటివారిని వీధిలో నిలిపినట్లు.

మన పెద్దలు చెరువులు, నూతులు, సత్రములు, తోటలు ఏర్పరచుటను పూర్తధర్మ మనిరి. అందును క్రొత్తది కట్టుటకంటె జీర్ణోద్ధరణము మిన్న యని చెప్పుదురు. కారణము తేట. క్రొత్తదానిపై కట్టినవాని పేరుండును. పాతదానిని నిలిపినవానికి ఫలకము లేదు. కాటనుదొర ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానిస్థానమున బారేజి వచ్చువరకు నూరేండ్లకు పైగా డెల్టాకు నీరిచ్చినది. కట్టినవాని పేరు మనకు తెలియును. వరద వెంట వరదకు రాళ్లు సర్ది దానిని నిలిపినవారి పేర్లు ఎవరికిని తెలియవు. వారు లేనిచో అది నిలిచెడిది కాదు.

2027లో మరల పుష్కరము. మరల ధనము వచ్చును, పలకరాళ్లు వచ్చును. రావలసినదే, నేను కాదనను. ఆదివారపు గంటతో అన్నియు తీరవు. కాని పని చేయించువారిని మూడు ప్రశ్న లడుగుడని నా ప్రార్థన. మరునాటినుండి దీనిని ఊడ్చు మనిషి యెవరు? అతని జీతమునకు ఏటేట సొమ్ము కేటాయించితిరా? దీపము ఆరినచో, మెట్టు కదలినచో ఎవరితో చెప్పవలెనో ఆ గట్టుమీదనే వ్రాయించితిరా? ఈ మూటికి జవాబు లేని కట్టడము పండ్రెండు దినముల పందిరి.

తుద కొక మాట. చాకిరేవువద్ద మునుపు గాడిదలు దిగుటకు వాలుబాట యుండెడిదనియు, ఒండ్రు క్రింద పూడిపోయినదనియు ఒక వృద్ధుడు మాకు చూపెను. వాలుబాటకు మెట్లు లేవు. కర్ర పట్టినవారును దిగవచ్చును. మూడు నెలలు త్రవ్వితిమి. పైభాగము తేలినది. క్రింద ఇరువది యడుగులు రాయి కొట్టుకొనిపోయినది. అచ్చట కట్టుబడి కావలెను. అది మా గడ్డపారలకు లొంగు పని కాదు. దానికే మరల అర్జీ యిచ్చితిమి. ఈమారు అలంకారములు లేవు. కొలతలు మాత్రమే యున్నవి.

ఆదివారమున నేను బురదకాళ్లతో ఇంటికి వచ్చునప్పటికి నా యిల్లాలు అరుగుమీద కూర్చుండి యుండును. "ఏమండీ, ఇంకా ఎంత ఉంది?" అని యడుగును.

"ఇరువది యడుగులు" అని చెప్పుచున్నాను.

సెలవు.