బడిలో ఒక చిన్న కొట్టు



అడ్డాకు విస్తరాకు రాయగడ, కొరాపుట్ జిల్లాలవారికి కొత్త కాదు. మనం విస్తరాకు అంటాం, ఒడియావారు ఖలి అంటారు. ఆ విస్తరాకులు బడిలోనే, వైకల్యం ఉన్న పిల్లలచేత కుట్టించి అమ్మితే ఎలా ఉంటుంది?

"మాస్టారూ, చదువుకోమని పంపితే కూలిపని చేయిస్తారా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనితో చదువు, ఆ వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు అన్నప్పుడూ ఈ అనుమానమే వచ్చింది. అమ్మకం ఉండాలి గాని, బడి ఖర్చు పిల్లల నెత్తిన పెట్టకూడదని నేనంటాను. పద్నాలుగేళ్లు దాటినవారికే, వారానికి రెండు పూటలు చాలు. వచ్చిన డబ్బు వాళ్ల పేరనే జమ కావాలి.

ఎందుకింత తాపత్రయం అంటారా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చట్టం నిర్దేశించిన స్థాయిలో వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. పద్దెనిమిది దాటిన మర్నాడు తల్లి అడుగుతుంది: "ఇప్పుడు వీడేం చేయాలండీ?"

సికింద్రాబాద్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ అనే పేరుతో ఏర్పడిన కేంద్రం వంటి చోట్ల ప్రత్యేక ఉపాధ్యాయులు నేర్చుకునేది పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడమే. ఆకు ఏరడం ఒక మెట్టు, పుల్లతో కుట్టడం మరొకటి, ఎండబెట్టడం, కట్ట కట్టడం ఇంకొకటి. చూపులేని పిల్ల వేళ్లతో తడిమి పెద్దాకు, చిన్నాకు వేరుచేస్తుంది. లెక్క నిలవని పిల్లవాడికి పది గళ్ల చెక్క ఇవ్వండి. గడికొకటి చొప్పున నింపితే పది అయినట్టే. వినపడని అమ్మాయి పలకమీద ధర రాసి చూపిస్తుంది. నడవలేని అబ్బాయి పద్దు రాస్తాడు, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. మన సరిహద్దులో ఆ రెండో భాష కూడా అన్నం పెట్టేదే కదా!

ఇవన్నీ తరగతిలో ఉత్తుత్తి ఆటగా నేర్పవచ్చు. కాని కొనేవాడు ఎదుట నిలబడి "చిల్లర సరిగా ఇయ్యి" అన్నప్పుడు నేర్చుకునేది వేరు. వేళకు రావడం, తప్పయితే మళ్లీ కుట్టడం, బేరమాడేవాడికి జవాబు చెప్పడం అక్కడే వస్తాయి.

మీ ఊరి బడి ఇలాంటి కొట్టు పెడితే తప్పక వెళ్లండి. జాలిపడి రెట్టింపు ఇవ్వకండి. ఆకు చిరిగి ఉంటే తిప్పి ఇచ్చి, మంచిది అడిగి తీసుకోండి.