మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. బి.పి., షుగర్ల గురించి మీకు తెలియనిది నేను చెప్పగలిగేదేమీ లేదు. మన సంఘం యాత్రలకు డెబ్బయి దాటినవారిని తీసుకెళ్ళాలా వద్దా అని కమిటీలో చర్చ నడుస్తోంది గనుక, 1994 జనవరిలో సంక్రాంతి సెలవుల్లో మా ఆఫీసువాళ్ళం పదకొండుమందిమి హైదరాబాదు నుంచి శ్రీశైలానికి సైకిళ్ళ మీద వెళ్ళిన సంగతి చెబుతాను. అందులోనూ మూడో రోజు సంగతే.

మొత్తం సుమారు 210 కిలోమీటర్లు. మొదటి రాత్రి కల్వకుర్తిలో, రెండో రాత్రి మన్ననూరులో మకాం. అక్కడి నుంచి మిగిలిన 70 పైచిలుకు కిలోమీటర్లూ నల్లమల అడవే. ఇప్పుడు అందులో చాలా భాగాన్ని అమ్రాబాద్ టైగర్ రిజర్వు అంటున్నారు. ఇప్పటి పిల్లల సైకిళ్ళకు ఇరవయ్యొక్క గేర్లుంటున్నాయి. మావి రోజూ ఆఫీసుకు తొక్కే నల్ల సైకిళ్ళు. గేర్లు లేవు, రాడ్ బ్రేకులు, బరువు చూస్తే 20 కిలోలు. వెనక క్యారియర్ మీద దుప్పటి, బట్టలు అదనం.

మాలో ఒక అటెండరు ఉండేవాడు. పెద్దాయన అని పిలిచేవాళ్ళం. వయసు 56. ముప్ఫయ్యేళ్ళు సైకిలు మీద ఊరంతా టపా పంచిన మనిషి. మూడో రోజు తెల్లవారుజామున మా సూపరింటెండెంటుగారు ఆయన్ని పిలిచి, "ఇక్కణ్ణుంచి ఘాటు మొదలవుతుంది. నువ్వు బస్సెక్కు. సైకిలు టాపు మీద వేయిస్తాం, టిక్కెట్టు నేను కొంటాను" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు లెండి. దారిలో ఏదైనా అయితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే కదా.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. పెడల్ దగ్గరి కాటర్ పిన్నును రాయితో రెండు దెబ్బలు కొట్టి బిగించుకున్నాడు. తర్వాత అన్నాడు: "బస్సుల వచ్చేదుంటే ఇంటికాడినుంచే వచ్చేటోణ్ణి సార్. ఒక్క మాట. నన్ను ముందర పెట్టుండ్రి. నేను ఆగినకాడ అందరు ఆగాలె."

సూపరింటెండెంటుగారు మా మొహాలు చూశారు. మేము నేల చూశాం. చివరికి "సరే, పద" అన్నారు. ఆఫీసులో తలుపు బయట స్టూలు మీద కూర్చునే మనిషి ఆ రోజు మా అందరికీ ముందు నడిచాడు.

ఆయన పద్ధతి మాకు మొదట చిరాకు తెప్పించింది. ఎత్తు వచ్చిందంటే ఆయాసం రాకముందే దిగి నెట్టుకుంటూ నడిచేవాడు. పెడల్ మీద లేచి నిలబడి తొక్కనిచ్చేవాడు కాదు. ప్రతి ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గర ఆగి, దాహం వేసినా వేయకపోయినా రెండు గుక్కల నీళ్ళు, ఇంత బెల్లం, పల్లీలు. ఫరహాబాద్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇద్దరు కుర్ర గుమాస్తాలు ఆయన మాట పెడచెవిన పెట్టి ముందుకు దూసుకుపోయారు. వటవర్లపల్లి చేరకముందే ఒకడు పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడి కనిపించాడు. పెద్దాయన ఏమీ అనలేదు. కూర్చుని వాడి కాలు తోమి, బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

ఆ పైన దోమలపెంట, ఈగలపెంట. పేర్లు విని ముక్కు మూసుకోనక్కర్లేదు, అక్కడ పెంట అంటే చెంచుల గూడెం.

ఈగలపెంట దాటాక కృష్ణ ఒడ్డుకు దిగుడు, అన్నీ మెలికలే. పొద్దుటినుంచి ఎక్కిన ఎత్తుకు ఇదే బహుమానమని మేమంతా సంబరపడుతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్కొక్కరి బ్రేకు రబ్బర్లు వేలితో తడిమి చూశాడు. రాడ్ బ్రేకు సంగతి మీకు తెలుసు. దిగుడులో అదేపనిగా నొక్కితే రిమ్ము కాలిపోతుంది, రబ్బరు అరిగి ఇనుము తగులుతుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. రెండు సైకిళ్ళకు అప్పటికే అరిగిపోయాయి. ఆయన సంచిలోంచి కొత్తవి తీసి బిగించాడు. ఒక సైకిలు సూపరింటెండెంటుగారిదే! మలుపు వచ్చినప్పుడల్లా దిగి నడిపించాడు. గంట ఆలస్యమైంది. ఒక మలుపు దగ్గర కింద డ్యాము కనిపించింది: 512 మీటర్ల పొడవు, పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి. ఎవరో ఫొటో అన్నారుగానీ అప్పటికే వెలుతురు లేదు.

వంతెన దాటాక మళ్ళీ ఎత్తే, అదీ చీకట్లో. డైనమో లైటు తొక్కితేనే వెలుగుతుంది, నెట్టుకుంటూ నడిస్తే మిణుగురు పాటి. ఉన్న రెండు టార్చీల్లో ఒకటి ముందు పెద్దాయన చేతిలో, ఒకటి చివర సూపరింటెండెంటుగారి చేతిలో. మధ్యలో మేము తొమ్మిదిమందిమి. అయిదు నిమిషాలకోసారి ముందునుంచి ఆయన "ఎంతమంది?" అని అరవడం, వెనకనుంచి సూపరింటెండెంటుగారు లెక్కపెట్టి "పదకొండు" అనడం. ఆఫీసులో అంత బుద్ధిగా జవాబు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

ఎనిమిదిన్నరకు సత్రం చేరాం. గుమాస్తా రిజిస్టరు తెరిచి "ఎవరి పేరు మీద రాయమంటారు?" అన్నాడు. సూపరింటెండెంటుగారు పెన్ను పెద్దాయన చేతికిచ్చారు. ఆయన చెయ్యి పంచెకు తుడుచుకుని, తెలుగులో పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు.

మర్నాడు మల్లన్న దర్శనం చేసుకుని, తిరుగు ప్రయాణం అందరం బస్సులోనే. సైకిళ్ళు టాపు మీద. టిక్కెట్లు మాత్రం అన్న మాట ప్రకారం సూపరింటెండెంటుగారే కొన్నారు, పదకొండూ.